మత చట్టం మీద చదివితే బతుకుతెరువు ఉంటదా: నల్గొండ నుంచి ఒక రిటైర్డ్ లా ప్రొఫెసర్ జవాబు

వనపర్తి నుంచి ఒక పిల్ల అడిగింది, ఎల్ఎల్‌బీ ఆఖరి సంవత్సరం చదువుతున్న సార్, మత చట్టాలు, మత స్వేచ్ఛ మీదనే ఎల్ఎల్‌ఎం, పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ కావాలని ఉంది, మా నాయినేమో క్రిమినల్ సైడు ప్రాక్టీస్ పెట్టుకో అంటున్నడు, దీంట్ల బతుకుతెరువు ఉంటదా, ఎవరి మనోభావాలో దెబ్బతిని లేనిపోని గొడవల్ల ఇరుక్కుంటనా అని. బిడ్డా, నేను 31 ఏళ్లు ఇదే సబ్జెక్టు చెప్పిన, ఇదే మీద రాసిన, రిటైర్ అయి నల్గొండల ఉంటున్న, కాబట్టి కొంచెం పొడుగైనా సరే మొత్తం చెప్త, ఓపికతోని చదువు.

ముందు నేను దీంట్లకి ఎట్ల వచ్చిన్నో చెప్పాలె, ఎందుకంటే నీ సగం ప్రశ్నకి జవాబు దాంట్లనే ఉంది. 1984ల నేను నల్గొండ కోర్టుల ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గ ఉన్న. దేవరకొండ దిక్కు ఒక ఊర్ల పీర్ల చావడి కింద 2 ఎకరాల 10 గుంటల జాగ, దాని మీద పంచాయితీ. ఒకదిక్కు ముజావర్, అంటే చావడి చూసుకునేటోళ్ల, కుటుంబం, ఇంకోదిక్కు తాతల కాలం నుంచి ఆ ఊర్ల పెద్దపీరును ఎత్తుతున్న గొల్లోళ్ల కుటుంబం, నడిమిట్ల రెవెన్యూవాళ్లు ఇది ఇనాం భూమి, అంటే సేవకి సర్కారు ఇచ్చిన భూమి, రెండు దిక్కులోళ్లదీ కాదు అంటున్నరు. మా పార్టీ గొల్లాయన ఒక గుడ్డ మూట తెచ్చి విప్పిండు, దాంట్ల పాత ముంతఖాబ్, అంటే నిజాం సర్కారు ఇనాంను ఖాయం చేసిన కాగితం, మొత్తం ఉర్దూ, అది కూడా ఫార్సీ మాటలు కలిసిన కచేరి ఉర్దూ. ఆఫీసుల ఒక్కరికీ చదవరాలె. ఆఖరికి నిజాం కాలంల తహసీల్ల పనిచేసిన ఒక ముసలి మొహరీర్ (రాతగాడు) దగ్గరికి తీసుకపోతే ఆయన అద్దాలు పెట్టుకోని ఒక్కో మాట విడగొట్టి చదివిండు. పీర్ల చావడిల దీపం పెట్టాలె, చావడి మరమ్మతు చెయ్యాలె, ఆ సేవ చేసినన్ని రోజులు భూమి తినొచ్చు, దాన్ని మష్రూతుల్ ఖిద్మత్ అంటరు అని చెప్పిండు. అట్ల భూమి ఇచ్చింది ఎవరికి అంటే ఆ గొల్లాయన ముత్తాతకు! ముస్లిం పండుగకి, హిందువుకి, సేవ షరతు మీద భూమి.

కోర్టుల జడ్జిగారు ఒక్కటే మాట అడిగిండు, ఇది ఏ మతం సంస్థ, ముస్లిం మత ఆస్తుల వక్ఫ్ చట్టం కింద చూడాల్నా, హిందూ గుళ్ల ఎండోమెంట్ చట్టం కింద చూడాల్నా అని. మా సీనియర్ చెప్పలేకపోయిండు, అవతలి వకీలు చెప్పలేకపోయిండు. ఊర్లోళ్లను అడిగితే "అది మా ఊరి పండుగ సారూ" అన్నరు. చివరికి కాంప్రమైజ్ అయింది, చెరిసగం చేసుకోలేదు, భూమి చావడికే ఉంచి కౌలు పైసలు పండుగకి పెట్టాలని రాసుకున్నరు. కేసు అయిపోయింది కానీ ఆ ప్రశ్న నా నెత్తిల నుంచి పోలేదు, దాని కోసమే నేను ప్రాక్టీస్ ఇడిసిపెట్టి ఎల్ఎల్‌ఎంకి పోయిన.

ఇప్పుడు చట్టం సంగతి. రాజ్యాంగం 25వ అధికరణం నీకు కంఠస్థం వచ్చే ఉంటది, మనస్సాక్షి స్వేచ్ఛ, మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు. కానీ పిల్లలు చాలామంది దాని మొదటి మాటలు ఇడిసిపెట్టి చదువుతరు, శాంతిభద్రతలకి, నీతికి, ఆరోగ్యానికి, ఇంకా ఇదే భాగంల ఉన్న మిగతా హక్కులకి లోబడి అని ముందే రాసి ఉంది. 1948 డిసెంబర్ 2న రాజ్యాంగ సభల అంబేద్కర్ చెప్పింది కూడా చదువు, ఈ దేశంల మతం పుట్టుక నుంచి చావు దాకా బతుకుల ప్రతి దాన్లకి వస్తది, అన్నిటినీ మతమే అని ఒప్పుకుంటే సంఘాన్ని సంస్కరించుడు కుదరదు, అందుకని అసలుకు మతానికి సంబంధించింది ఏదో అంతవరకే చూడాలె అని. తర్వాత 1954ల ఉడుపి దగ్గరి శిరూరు మఠం కేసు వచ్చింది, మద్రాసు ప్రభుత్వం ఎండోమెంట్ చట్టం మీద. సుప్రీంకోర్టు ఏమన్నదంటే, ఒక మతంల ముఖ్యమైన భాగం ఏంది అన్నది ఆ మతం సిద్ధాంతాలను బట్టే తేల్చాలె అని. అది మంచిగనే ఉంది. కానీ 1961ల అజ్మీర్ దర్గా కేసుకి వచ్చేసరికి, మతంల చేరిన మూఢనమ్మకాలను మేము వేరుచేసి చూడాలె అన్నరు, అంటే ఏది అసలు మతం, ఏది తర్వాత అతుక్కున్నది అని తేల్చే పని జడ్జిల చేతికి పోయింది. దీన్నే మనం ఎసెన్షియల్ ప్రాక్టీస్ టెస్ట్ అని చదువుకుంటం.

నా మొత్తం సర్వీసు దీనితోని కొట్లాటనే బిడ్డా. ఎందుకంటే జడ్జి ముఖ్యమైనదా కాదా అని తేల్చాలంటే పుస్తకం చూస్తడు, శాస్త్రం, ఆగమం (గుడి పూజల పద్ధతి చెప్పే గ్రంథం), ఖురాన్, హదీసు (ప్రవక్త మాటలు). మరి మన పాలమూరు, నల్గొండల ఉన్న మతం ఏ పుస్తకంల ఉన్నది? కురుమూర్తి జాతరకి చిన్నవడ్డెమాన్‌ల దళితులు స్వామికి తోలు చెప్పులు కుడతరు, ఉద్దాలు, అవి ఊరేగింపుగ గుట్టకి పోతయి, లక్షల మంది ఆ ఉద్దాలను మొక్కుతరు, అది లేకుంటే జాతరే లేదు. ఏ ఆగమంల రాసుంది అది? జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకి జనవరిల పో, గంధం ఊరేగింపుల లంబాడోళ్లు ఎంతమంది, మాల మాదిగలు ఎంతమంది, రెడ్లు ఎంతమంది చూడు. పుస్తకం పట్టుకోని పోయే జడ్జికి ఇదంతా మతం కాదు, ఆచారం మాత్రమే అనిపిస్తది, అప్పుడు రాజ్యాంగ రక్షణ ఎవరికి దొరుకుతది అంటే చదువుకున్నోళ్ల మతానికే దొరుకుతది, గుట్ట మీద మొక్కేటోళ్ల మతానికి దొరకదు. నేను పీహెచ్‌డీల రాసింది ఇదే, ఇప్పటికీ దీని మీదనే నిలబడ్డ.

ఇంకో తొవ్వ ఉన్నది, అది చూపెట్టింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. 1986 బిజో ఇమ్మాన్యుయేల్ కేసు, కేరళల యెహోవా సాక్షులు అనే శాఖకి చెందిన ముగ్గురు పిల్లలు బడిల జనగణమన పాడేటప్పుడు గౌరవంగ లేచి నిలబడ్డరు కానీ పాడలేదు, మా నమ్మకం ఒప్పుకోదు అన్నరు, బడి నుంచి తీసేసిన్రు. హైకోర్టు పాట మొత్తం చదివి దీంట్ల మతానికి అడ్డమొచ్చేది ఏమీ లేదు పొండి అన్నది. చిన్నపరెడ్డిగారు అది చూడాల్సిన తీరే కాదన్నరు, ఆ నమ్మకం మాకు సబబుగ అనిపిస్తుందా లేదా అన్నది కాదు, ఆ పిల్లలు దాన్ని నిజంగ, మనస్ఫూర్తిగ నమ్ముతున్నరా లేదా అన్నదే ప్రశ్న అన్నరు. పిల్లలను మళ్ల బడిల చేర్చుకోమన్నరు. నేను ప్రతి సంవత్సరం క్లాసుల ఈ తీర్పు గట్టిగ చదివి వినిపించేటోన్ని. అమెరికాల కూడా దగ్గరదగ్గర ఇదే తీరు, అక్కడ కోర్టులు ఇది నీ మతంల తప్పనిసరా అని అడగవు, నీ నమ్మకం నిజమైనదేనా అని చూస్తయి. కానీ అక్కడి కష్టం అక్కడ ఉంది, 1990ల స్మిత్ కేసుల పెయోటి అనే మొక్కను పూజల వాడినందుకు పని పోయిన ఇద్దరికి నిరుద్యోగ భృతి ఇయ్యకపోయినా తప్పు లేదు, చట్టం అందరికీ ఒక్కటే అన్నరు, దాని మీద అన్ని మతాలోళ్లు, లా ప్రొఫెసర్లు లేస్తే 1993ల అక్కడి పార్లమెంటు మత స్వేచ్ఛకి వేరే చట్టమే చేసింది. పక్క దేశాలోళ్ల కేసులు చదువు, కానీ అవే మొదలు పెట్టుకోకు. ఇక్కడ 2022 హిజాబ్ కేసుల కర్ణాటక హైకోర్టు మళ్ల ఎసెన్షియల్ ప్రాక్టీస్ కాడికే పోయింది, సుప్రీంకోర్టుల ఇద్దరు జడ్జిలు చెరొక మాట చెప్పిన్రు, శబరిమల 2018 తీర్పు తర్వాత అసలు ఈ టెస్టే ఉండాల్నా అన్న ప్రశ్న తొమ్మిది మంది జడ్జిల బెంచికి పోయింది. కాబట్టి సబ్జెక్టు ఎండిపోయింది అనుకోకు, ఇప్పుడే పొయ్యి మీద ఉంది.

అయితే నమ్మకం నిజమైతే చాలు అనే నా మాట ఒక ఊర్ల కూలబడ్డది, అది కూడా చెప్పాలె. నారాయణపేట దిక్కు, 90ల నడుమ, నేను స్టూడెంట్స్‌ను తీసుకోని జోగినుల మీద, అంటే దేవతకి ఇడిసి ఊరి మగోళ్ల పాలు చేసే ఆడపిల్లల మీద, సర్వేకి పోయిన. జోగిని ఇడుపుడు నిషేధం అని 1988లనే చట్టం వచ్చింది, అయినా గుట్టుగ జరుగుతుండె. ఒక తల్లి నాతోని ఏమన్నదంటే, సారూ, పెద్ద పిల్ల సచ్చిపోయింది, చిన్నదానికి పానం బాగలేకుంటే ఎల్లమ్మకి మొక్కిన, అమ్మ నిలబెట్టింది, ఇప్పుడు ఇయ్యకుంటే అమ్మ ఊకుంటదా అని ఏడ్చింది. ఆమె నమ్మకంల ఒక్క చుక్క అబద్ధం లేదు. ఆ పిల్లకి ఏడేండ్లు, గడప కాడ కూసోని మా దిక్కు చూస్తున్నది. చిన్నపరెడ్డిగారి ప్రశ్న అడిగితే తల్లి గెలుస్తది కదా. ఆ రాత్రి మక్తల్ల లాడ్జిల నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత చాలా రోజులకి నాకు తేటపడ్డది ఏందంటే, నమ్మకం ఎవరి బతుకు మీద పడుతదో వాళ్ల నమ్మకం చూడాలె. మొక్కింది తల్లి, బతుకు పిల్లది. ఏడేండ్ల పిల్లకి ఇంకా నమ్మకమే లేదు, ఆమె పేరు మీద తల్లి హక్కు వాడుకునుడు కుదరదు. 25వ అధికరణంల మొదటి మాటలు అందుకే ఉన్నయి, బతికే హక్కు ఇచ్చే 21వ అధికరణం, మనుషుల అమ్మకాన్ని, వెట్టిని ఆపే 23వ అధికరణం ఆ పిల్ల వెనక నిలబడ్డయి. 1988 జోగిని చట్టంల నాకు నచ్చింది ఏందంటే జోగినిగ ఇడిసినంత మాత్రాన ఆమె పెండ్లి చెల్లకుండ పోదు అని రాసిన్రు, అంటే శిక్ష ఒక్కటే కాదు, ఆమెకి ఇంకో బతుకు తలుపు తీసిన్రు. అదే ఊర్ల పెద్ద జోగిని ఒకామె ఇంకో మాట చెప్పింది, మగోళ్ల గోస వద్దు సారూ కానీ జాతరల అమ్మ ముంగట ఆడేది నేనే, అది మాత్రం తీసెయ్యకుండ్రి అని. దోపిడీ వేరు, దేవత ముందట ఆమెకున్న జాగ వేరు. ఆ తేడా చట్టంల రాయలేదు, అది తేల్చే పని మన అసువంటోళ్లదే.

ఇగ బతుకుతెరువు. మత చట్టం అంటే శబరిమల, త్రిబుల్ తలాక్ లెక్క పేపర్ల వచ్చేవే అనుకుంటరు, కానీ జిల్లాల పని వేరే ఉంటది, అది మస్తు ఉంటది. దేవుని మాన్యాలు, సేవా ఇనాంలు ఒకటి. తెలంగాణల 1955 ఇనాం రద్దు చట్టం కింద ఆర్డీవో ఇచ్చే ఓఆర్‌సీ, అంటే భూమి అనుభవదారు హక్కు సర్టిఫికెట్, మీద కేసులు ఇప్పటికీ నడుస్తనే ఉన్నయి, రిజిస్ట్రేషన్ చెయ్యొద్దన్న భూముల 22ఏ నిషేధిత లిస్టుల పడి అమ్మలేక కొనలేక తిరిగే రైతులు ప్రతి మండలంల ఉన్నరు, కొన్ని నిజంగ గుడివి, మసీదువి, కొన్ని పొరపాటున ఎక్కినవి. ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫే, తర్వాత పట్టా ఇచ్చినా అది పోదు అని 1998ల మన రాష్ట్రం కేసులనే, సయ్యద్ అలీ కేసు, సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పుడు 2025 సవరణ చట్టంతోని మళ్ల అంతా కొత్తగ చదవాల్సి వస్తుంది. వంశపారంపర్య అర్చకత్వం 1987 ఎండోమెంట్ చట్టం తీసేసింది, జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ రిపోర్టు మీద వచ్చిన చట్టం అది, 1996 నారాయణ దీక్షితులు కేసుల సుప్రీంకోర్టు సమర్థించింది, పూజ చేసుడు మతమే కానీ పూజారిని నియమించుడు లౌకికం అన్నది, 2007ల సవరించి అర్చక కుటుంబాలకు కొంత ఊరట ఇచ్చిన్రు. యాదగిరిగుట్ట నుంచి చిన్న ఊరి రామాలయం దాకా ఈ చట్టమే.

తండాల సంగతి చూడు. దేవరకొండ, అచ్చంపేట దిక్కు లంబాడోళ్లు 1976 సవరణతోని షెడ్యూల్డ్ తెగల్లకి వచ్చిన్రు. హిందూ వివాహ చట్టం, హిందూ వారసత్వ చట్టం రెండిట్ల 2(2) సెక్షన్ షెడ్యూల్డ్ తెగలకి ఇవి వర్తించవు అంటది, కేంద్రం వేరే నోటిఫికేషన్ ఇస్తే తప్ప. ఒక లంబాడ ఆడబిడ్డ భర్త ఇంకో పెండ్లి చేసుకున్నడని వస్తే, నాయిన భూమిల పాలు కావాలని వస్తే, వకీలు ముందు అడగాల్సింది మీ తండా ఆచారం ఏంది అని. దాన్ని సాక్ష్యంతోని రుజువు చెయ్యాలె, చాలామంది వకీళ్లకి ఆ సెక్షనే గుర్తుండదు, నేరుగ హిందూ వివాహ చట్టం కింద పిటిషన్ ఏస్తరు, రెండేండ్లు తిరిగినంక కొట్టేస్తే ఆమె మళ్ల మొదటికి వస్తది. నువ్వు ఒక్క తండా పెండ్లి ఆచారాలు, ఇడుపు కాయిదాలు, నాయక్ పంచాయితీల తీర్పులు మంచిగ రాసి పెట్టినా అది వందల ఆడోళ్లకి పనికొస్తది. ఖాజీ దగ్గరుండే సియాహనామా (నిఖా రాసుకున్న పత్రం), మెహర్ (భర్త భార్యకి ఇయ్యాల్సిన సొమ్ము) బాకీ, చర్చిల పెండ్లి రిజిస్టర్, క్రైస్తవం తీసుకున్న దళితుల ఎస్సీ సర్టిఫికెట్ మీద 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, ఇవి కూడా ఇట్లనే, దేనికదే ఒక పెద్ద పని.

జీతం విషయం దాచకుండ చెప్త. లెక్చరర్ అర్హత పరీక్ష, నెట్ గాని సెట్ గాని, కావాలె, 2023 యూజీసీ సవరణ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, కానీ ఉంటే మంచిదే. రెగ్యులర్ పోస్టు వస్తే బేసిక్ 57,700 కాడ మొదలైతది. కష్టం ఏందంటే రెగ్యులర్ పోస్టులు పడేది ఏండ్లకి ఒకసారి, అంతవరకు పార్ట్‌టైం, గెస్ట్, కాంట్రాక్ట్ అనే బతుకు, గంటల లెక్క పైసలు, ఎండాకాలం సెలవులకి అవి కూడా ఉండవు. నేను కూడా అట్ల ఆరేండ్లు చేసిన, ఇల్లు మా ఆవిడ టీచర్ జీతం మీదనే నడిచింది, ఆమె లేకుంటే నేను ఈ సబ్జెక్టుల ఉండేటోన్ని కాదు. జేఆర్‌ఎఫ్, అంటే నెట్ల మంచి మార్కులొస్తే ఇచ్చే రీసెర్చ్ భృతి, కొట్టినవనుకో, మొదటి రెండేండ్లు నెలకి 37,000 వస్తయి, దాని కోసం గట్టిగ చదువు, ఆ పైసలుంటే ఎవని మొఖం చూడకుంట రీసెర్చ్ చెయ్యొచ్చు. ఎల్ఎల్‌ఎంకి పీజీఎల్‌సెట్ రాసి ఉస్మానియాకి పోవచ్చు, క్లాట్ రాసి హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్‌కి పోవచ్చు, ఫీజు తేడా చూసుకో, అప్పు చేసి పోవద్దు.

మీ నాయిన మాట కూడా తీసిపారెయ్యకు. ఎన్‌రోల్ అయి ప్రాక్టీస్ చేసుకుంటనే రోజుకి మూడు గంటల దాకా లా కాలేజీల చెప్పొచ్చు, బార్ కౌన్సిల్ నిబంధనలే ఒప్పుకుంటయి, ఫుల్‌టైం ఉద్యోగంల చేరితే మాత్రం ప్రాక్టీస్ ఆపాలె. నువ్వు రెండేండ్లు వనపర్తి కోర్టుల కూసో అంట నేను, మీ నాయిన చెప్పిన క్రిమినల్ సైడు కూడా చెయ్యి, సాక్షి బోను ఎక్కినోడు దేవుని మీద ప్రమాణం చేసి ఏం మాట్లాడుతడో చూడకుండ మత స్వేచ్ఛ మీద థీసిస్ రాస్తే అది గాలిల ఉంటది.

గొడవల సంగతి. వస్తయి. ఒకసారి ఒక ప్రైవేట్ కాలేజీల మత మార్పిడి చట్టాల మీద లెక్చర్ ఇస్తుంటే మేనేజ్‌మెంట్ నుంచి చీటీ వచ్చింది, ఈ టాపిక్ ఇడిసిపెట్టి వేరేది చెప్పు అని. నేను ఇడిసిపెట్టలేదు, తర్వాతి సంవత్సరం నన్ను పిలువలేదు, ఆ బాధ చాలా రోజులు ఉండె. అయినా 31 ఏళ్లల్ల నా క్లాసుల ఒక్క పిల్లగాడు కూడా అవమానంగ అనిపించి లేచిపోలేదు. ఎందుకంటే నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే, ఏ మతం గురించి చెప్పినా ఆ మతం నమ్మే మనిషి మొదటి బెంచిల కూసుని ఉన్నడు, నేను చెప్పేది విని "అవును, మేము నమ్మేది ఇదే" అనాలె, ఆ తర్వాతనే విమర్శ. త్రిబుల్ తలాక్ మీద 2017 షాయరా బానో తీర్పు చెప్పేటప్పుడు ముందు హనఫీ (ఇక్కడి సున్నీలు ఎక్కువగ పాటించే న్యాయ శాఖ) పద్ధతిల తలాక్ ఎన్ని తీర్లు ఉన్నదో నెమ్మదిగ చెప్పేటోన్ని, ఒక సంవత్సరం ఒక ముస్లిం అమ్మాయి లేచి సార్ మా ఇంట్ల కూడా ఇంత మంచిగ ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు నేను దీన్ని వ్యతిరేకిస్త అన్నది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఉర్దూ నేర్చుకో, చదవటం వరకైనా, ఆరు నెలల్ల వస్తది. నిజాం ఇలాకాల గుళ్లు మసీదులు చూసింది ఉమూరె మజ్‌హబీ అనే శాఖ, 1349 ఫస్లీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) ఎండోమెంట్ నిబంధనలు ఉన్నయి, ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది, ఒక ఏడాది అటుఇటు. మన ఊర్ల ముంతఖాబ్‌లు చదివే ముసలోళ్లు సగం పోయిన్రు, ఇప్పుడు నేర్చుకోకుంటే పదేండ్ల తర్వాత ఆ కాగితాలు ఎవరేమంటే అదే అయితయి. ఎల్ఎల్‌ఎం డిసర్టేషన్‌కి ఢిల్లీ కేసు పట్టుకోకు, చిన్నవడ్డెమాన్ ఉద్దాల మీద రాయి, ఆ చెప్పులు కుట్టేటోళ్లకి జాతరల ఉన్నది హక్కా, సేవనా, మత శాఖల హక్కుల 26వ అధికరణం కింద వాళ్లు ఎవరు, అంటరానితనం తీసేసిన 17వ అధికరణం అక్కడ ఏం చెప్తది అని, ఎవరూ సరిగ్గ రాయని ప్రశ్న అది. కార్తీకం జాతరకి పదిరోజులు ముందే పో, ఉద్దాలు కుట్టే కాడ కూసో, తోలు ఎక్కడ నుంచి తెస్తరు, ఎన్ని రోజులు ఒక్కపొద్దు ఉంటరు, పైసలు ఎవరిస్తరు, ఎండోమెంట్ వాళ్ల రిజిస్టర్ల వాళ్ల పేరు ఎట్ల రాసిన్రు, అన్నీ రాసుకో. ఫోన్ల రికార్డు చెయ్యాలంటే అడిగి చెయ్యి. రాసినంక మొదటి చిత్తుప్రతి నాకు పంపు బిడ్డా, కూసోని లైను లైను చదువుత.